పటర్‌ ముఖంలో ఏముంది?

గాడులు, మెత్తటి ఇన్సర్టులు, ఉక్కు రేకుల మడతలు... నాలుగంగుళాల పలక మీద ఇన్ని హంగులు! ఇంతకీ బంతిని దొర్లించేది ఏది?

2025 ఏప్రిల్‌ 13. అమెరికాలోని ఆగస్టా నేషనల్‌ మైదానం. మాస్టర్స్‌ టోర్నీ చివరి రోజు, చివరి హోల్‌. అయిదడుగుల దూరంలో బంతి. అది పడితే చాలు, రోరీ మెకిల్‌రాయ్‌ 2014 తర్వాత మళ్లీ ఒక మేజర్‌ (గోల్ఫ్‌లోని నాలుగు పెద్ద టోర్నీల్లో ఒకటి) గెలుస్తాడు. పడలేదు. జస్టిన్‌ రోజ్‌తో ప్లేఆఫ్‌ తప్పలేదు. మళ్లీ అదే పద్దెనిమిదో హోల్‌, అదే గ్రీన్‌, చేతిలో అదే పటర్‌. ఈసారి బంతి ఇంకాస్త దగ్గరలో ఆగింది. తట్టాడు, పడింది. కెరీర్‌లో నాలుగు మేజర్లూ గెలిచిన ఆరో ఆటగాడిగా మెకిల్‌రాయ్‌ మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాడు.

కర్ర మారలేదు, గ్రీన్‌ మారలేదు, దూరం కూడా పెద్దగా మారలేదు. అయినా ఒకసారి తప్పింది, ఒకసారి పడింది. ఆఖరి నాలుగడుగులు ఇంత కఠినంగా ఉంటాయి కాబట్టే గోల్ఫ్‌ పరిశ్రమ దశాబ్దాలుగా తన తెలివిని నాలుగంగుళాల పొడవు, అంగుళం ఎత్తు ఉండే ఒక చిన్న పలక మీద ధారపోస్తోంది. అదే పటర్‌ ముఖం. బంతిని తాకే భాగం.

గోల్ఫ్‌ ఆడని వారి కోసం ఒక మాట. ఆటగాడి సంచిలో 14 క్లబ్బుల దాకా ఉండొచ్చు. వాటిలో బంతిని గాల్లోకి లేపడానికి కాక నేల మీద నడిపించడానికి వాడేది పటర్‌ ఒక్కటే. పార్‌ 72, అంటే 72 దెబ్బల్లో ముగించాల్సిన మైదానంలో ఒక్కో గ్రీన్‌ మీద (హోల్‌ చుట్టూ పొట్టిగా కోసిన గడ్డి) రెండేసి పట్‌లు, అంటే పటర్‌ దెబ్బలు, లెక్కగట్టి ఉంటాయి. అంటే 72 దెబ్బల్లో 36 పటర్‌వే. మూడొందల గజాలు ఎగిరిన డ్రైవర్‌ షాట్‌కూ, మూడడుగులు కదిలిన పట్‌కూ స్కోరు కార్డులో విలువ ఒక్కటే.

అందుకే దుకాణంలో పటర్‌ చేతికిస్తూ అమ్మేవారు చెప్పే మొదటి మాట దాని ముఖం గురించే ఉంటుంది. ‘ఈ గాడులు బంతిని పట్టుకుని ముందుకు తిప్పుతాయి సార్‌. జారకుండా వెంటనే దొర్లుతుంది.’ ఈ మాటలో నిజం ఎంత? ఈ కథనమంతా ఆ ప్రశ్న గురించే.

ముందు జారుడు, తర్వాత దొర్లుడు

పటర్‌ తగలగానే బంతి దొర్లదు. ముందు జారుతుంది. చిన్నప్పుడు నున్నటి గచ్చు మీద గోళీ కొట్టినవారికి ఇది తెలిసే ఉంటుంది. వేలు వదలగానే గోళీ తిరగకుండా కొంతదూరం రాసుకుంటూ పోయి, తర్వాత దొర్లడం అందుకుంటుంది. గోల్ఫ్‌ బంతీ అంతే. నేల రాపిడి దాని అడుగుభాగాన్ని వెనక్కి లాగుతుంది. ఆ లాగుడుకు బంతి వేగం తగ్గుతుంది, తిరగడం పెరుగుతుంది. రెండూ సమానంగా కుదిరిన క్షణాన జారుడు ఆగిపోయి దొర్లుడు మొదలవుతుంది.

ఇందులో ఒక అందమైన లెక్క ఉంది. అసలు తిరగకుండా బయల్దేరిన నిండు గోళం, దొర్లడం మొదలుపెట్టే సమయానికి మొదటి వేగంలో ఏడింట అయిదు వంతుల దగ్గర ఉంటుంది. బంతి బరువెంతయినా, గడ్డి ఎలాంటిదయినా ఈ నిష్పత్తి మారదు. అది ఎంత దూరంలో జరుగుతుందన్నదే గడ్డి చేతిలో ఉంది. ఇది గోల్ఫ్‌ కంపెనీలు కనిపెట్టిన విషయం కాదు. భూభ్రమణం వల్ల గాలులు పక్కకు మళ్లడానికి ఎవరి పేరు పెట్టారో, ఆ ఫ్రెంచి శాస్త్రవేత్త కొరియాలిస్‌ 1835లోనే బిలియర్డ్స్‌ బంతుల కదలికల మీద ఏకంగా ఒక గణిత గ్రంథం రాశాడు.

దీన్ని గ్రీన్‌ మీదికి తెద్దాం. బంతి సెకనుకు 2 మీటర్ల వేగంతో బయల్దేరిందనుకుందాం. ఓ మోస్తరు వేగమున్న గ్రీన్‌ మీద అది ఏడడుగులు పోయి ఆగుతుంది. అందులో మొదటి పాతిక సెంటీమీటర్లు జారుడే. అప్పటికి వేగం సెకనుకు 1.43 మీటర్లకు పడిపోతుంది. మిగతా దారంతా దొర్లుతుంది. అంటే ప్రయాణంలో సుమారు ఎనిమిదో వంతు జారుడు కింద పోతోందన్నమాట. ఆ ముక్కలోనే బంతి చిన్నగా గెంతుతుంది, గడ్డి పోచలకు తగిలి తడబడుతుంది. కాబట్టి జారుడు తగ్గితే మంచిదే. అందులో వాదం లేదు. పటర్‌ ముఖానికి దాన్ని తగ్గించే శక్తి ఉందా అన్నదే సందేహం.

ముఖం ఇవ్వగలిగిందెంత?

బిలియర్డ్స్‌ ఆటగాడికి ఒక సౌకర్యం ఉంది. బంతి ఎత్తులో పదింట ఏడో వంతు దగ్గర, అంటే నడుముకు కాస్త పైన క్యూ కర్రతో అడ్డంగా పొడిస్తే బంతి జారుడే లేకుండా మొదటి క్షణం నుంచీ దొర్లుతుంది. గోల్ఫర్‌కు ఆ అవకాశం లేదు. పటర్‌ ముఖం చదునైన పలక. గుండ్రటి బంతిని చదును పలక ఎలా తాకినా నడుము దగ్గరే తాకుతుంది. పలక కాస్త వెనక్కి వాలి ఉంటే నడుముకు రవ్వంత కిందే తాకుతుంది. పటర్‌ను ఎత్తి కొట్టినంత మాత్రాన బంతి పైభాగం అందదు.

ఇక మిగిలింది ఒక్కటే దారి, ముఖానికీ బంతికీ మధ్య రాపిడి. పటర్‌ కాస్త పైకి లేస్తూ బంతిని తాకితే, ముఖం బంతిని పైకి రుద్ది ముందుకు తిప్పగలదు. ఈ రుద్దుడు ఎంత అన్నది ఒక చిన్న తేడా మీద ఆధారపడుతుంది. తాకే క్షణాన ముఖం ఎన్ని డిగ్రీలు వాలి ఉంది, పటర్‌ ఎన్ని డిగ్రీల వాలులో పైకి లేస్తోంది అన్న రెండింటి మధ్య తేడా అది. వాలు ఎక్కువైతే బంతి వెనక్కి తిరుగుతుంది. లేచే కోణం ఎక్కువైతే ముందుకు తిరుగుతుంది. రెండూ సమానమైతే ఎటూ తిరగదు.

సెకనుకు 2 మీటర్లతో వెళ్లే బంతి పూర్తిగా దొర్లాలంటే నిమిషానికి 900 సార్లు తిరగాలి. లేచే కోణం వాలు కంటే 2 డిగ్రీలు ఎక్కువుందనుకుందాం. ముఖం బంతిని ఏమాత్రం జారనివ్వకుండా గట్టిగా పట్టుకుందనే అనుకుందాం. అప్పుడు కూడా బంతికి వచ్చే తిప్పుడు నిమిషానికి ఇరవై చుట్ల చిల్లరకు మించదు. తేడాను 4 డిగ్రీలకు పెంచినా 45 దాటదు. కావలసిన 900లో అది ఇరవయ్యో వంతు. పాతిక సెంటీమీటర్ల జారుడులో అది మిగిల్చేది ఒక సెంటీమీటరు.

గమనించండి, గాడులు అత్యుత్తమంగా పనిచేశాయని ఒప్పుకున్నాకే ఈ లెక్క. బంతీ ముఖమూ కలిసి ఉండే సమయం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అంతలో ఎంత పదునైన గాడయినా లేని కదలికను పుట్టించలేదు. చేతులు ఇచ్చిన కదలికను జారిపోకుండా బంతికి అందించగలదు, అంతే. కాబట్టి ‘వెంటనే దొర్లించే ముఖం’ అన్న ప్రకటన చూసినప్పుడు నా తీర్పు ఒక్కటే. దొర్లించేది గ్రీన్‌. పటర్‌ ముఖం కాదు.

ఎనిమిది డిగ్రీల నుంచి మూడు డిగ్రీలకు

ముఖానికి సంబంధించి నిజంగా దొర్లుడును మార్చేది గాడి కంటే వాలు. గోల్ఫర్లు లాఫ్ట్‌ అనేది దీన్నే. బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదని నిబంధన. ఆ కాస్త బరువుకే గడ్డి కుంగి, బంతి చిన్న గుంటలో కూర్చుంటుంది. దాన్ని గుంటలోంచి లేపి బయట పెట్టడానికి పటర్‌కు కొంచెం వాలు కావాలి. వాలు చాలకపోతే ముఖం బంతిని నేలకేసి నొక్కుతుంది. బంతి ఎగిరిపడుతుంది. ఎక్కువైతే గాల్లో తేలి దభీమని దిగుతుంది.

గోల్ఫ్‌ దిగ్గజం బాబీ జోన్స్‌ 1920లలో వాడిన ‘కలామిటీ జేన్‌’ పటర్‌కు సుమారు 8 డిగ్రీల వాలు ఉండేది. ఇప్పటి పటర్లకు 2 నుంచి 4 డిగ్రీలే. ఈ మార్పు వెనకున్నది పటర్‌ తయారీదారుల జ్ఞానోదయం కాదు, గడ్డి కోసే యంత్రాలు. 1935లో ఓక్‌మాంట్‌లో యూఎస్‌ ఓపెన్‌ చూసిన ఎడ్వర్డ్‌ స్టింప్సన్‌, గ్రీన్‌ వేగాన్ని కొలిచే ఏటవాలు పట్టీ ఒకటి తయారుచేశాడు. బంతిని దాని మీంచి వదిలి, ఎన్ని అడుగులు పోయిందో కొలవడమే దాని పని. 1970లలో అమెరికా గోల్ఫ్‌ సంఘం ఆ స్టింప్‌మీటర్‌ను మెరుగుపరిచి దేశమంతా కొలిస్తే సగటు ఆరున్నర అడుగులొచ్చింది. ఈనాటి పెద్ద టోర్నీల్లో పన్నెండు, పదమూడు అడుగులు మామూలు. గడ్డి పొట్టిదయ్యేకొద్దీ గుంట లోతు తగ్గింది, వాలు అవసరమూ తగ్గింది.

వాలు చేసే తేడా ఎంత? పెద్ద గ్రీన్‌ మీద పొడవాటి పట్‌, సెకనుకు 4 మీటర్ల వేగం అనుకుందాం. 4 డిగ్రీల కోణంలో లేచిన బంతి 20 సెంటీమీటర్ల పైచిలుకు గాల్లో పోతుంది. 8 డిగ్రీలయితే 45 సెంటీమీటర్లు. గాడుల వల్ల కలిసొచ్చే కొద్దిపాటి సెంటీమీటర్ల ముందు ఇది ఎంత పెద్ద తేడానో చూడండి. పైగా ఈ వాలు కొన్ననాటి వాలుగా ఉండదు. తాకే క్షణాన చేతులు బంతి కంటే ముందుకొచ్చి కర్ర ఒక డిగ్రీ వంగితే ముఖం వాలు ఒక డిగ్రీ తగ్గిపోతుంది. ఒకే పటర్‌ ఇద్దరి చేతుల్లో రెండు పటర్లవుతుంది.

ఇది మనవారికి దగ్గరి విషయం. గోల్కొండ కోట నయా ఖిల్లాలోని హైదరాబాద్‌ గోల్ఫ్‌ మైదానంలో గానీ, విశాఖ ఈస్ట్‌ పాయింట్‌లో గానీ ఆడేవారు టీవీలో ఆగస్టా గ్రీన్‌లు చూసి, అక్కడి ఆటగాళ్ల కొలతలే తమ పటర్‌కూ పెట్టించుకుంటుంటారు. మన దక్షిణాదిలో ఎక్కువగా కనిపించే బెర్ముడా జాతి గడ్డి ఒక వైపుకు వాలి పెరుగుతుంది. వానాకాలంలో ఏపుగా లేస్తుంది. అలాంటి గ్రీన్‌ మీద ఒక డిగ్రీ ఎక్కువ వాలు ఉన్న పటర్‌ తప్పేమీ కాదు, చాలాసార్లు మేలే చేస్తుంది.

గ్యారేజీలో పుట్టిన జవాబు

ముఖం మీది హంగులు దొర్లుడును పెద్దగా మార్చలేకపోతే, మరి గాడులూ, ముఖంలో పొదిగే ఇన్సర్టులూ దండగేనా? కాదు. వాటికి వేరే పని ఉంది. ఆ పని అర్థం కావాలంటే నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన ఒక ఇంజినీరు దగ్గరికి వెళ్లాలి.

కార్‌స్టెన్‌ సోల్‌హైమ్‌ జనరల్‌ ఎలక్ట్రిక్‌ కంపెనీ ఉద్యోగి. నలభై దాటాక గోల్ఫ్‌ మొదలుపెట్టాడు. పట్‌లు తిన్నగా పోవడం లేదని విసిగిపోయాడు. కారణం అదృష్టంలో వెతకలేదు, లోహంలో వెతికాడు. బంతి ముఖం మధ్యలో కాక పక్కకు తగిలితే పటర్‌ తల మెలితిరుగుతుంది. తిరిగినంత మేరా శక్తి వృథా, గురీ చెదురుతుంది. తల బరువును మధ్యలోంచి తీసి రెండు చివరలకూ, అంటే హీల్‌కూ టోకూ పంచితే మెలి తగ్గుతుందని అతని ఆలోచన. 1959లో కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్‌ సిటీలో, తన ఇంటి గ్యారేజీలో తొలి పటర్‌ తయారుచేశాడు. బంతి తగిలినప్పుడు అది ‘పింగ్‌’మని మోగింది. కంపెనీకి ఆ పేరే పెట్టాడు. 1966లో వచ్చిన ‘ఆన్సర్‌’ నమూనాకు పేరు సూచించింది అతని భార్య లూయీజ్‌. పటర్ల తయారీలో ఈనాటికీ అత్యధికంగా అనుకరించే ఆకారం అదే.

సోల్‌హైమ్‌ పట్టుకున్న సమస్య ఎంత పెద్దదో ఒక అంచనా వేద్దాం. 350 గ్రాముల మామూలు బ్లేడ్‌ పటర్‌. బంతి నడిమధ్య కాక ఒకటిన్నర సెంటీమీటరు పక్కన తగిలింది. బంతి వేగం రెండు శాతానికి కొంచెం పైగా తగ్గుతుంది. ఏమంత పెద్ద తేడా కాదనిపిస్తుంది. కానీ బంతి వెళ్లే దూరం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. దూరంలో దాదాపు అయిదు శాతం కోత. పది మీటర్ల పట్‌ అర మీటరు ముందే ఆగిపోతుంది. గురి తప్పడం దీనికి అదనం. మూడు మీటర్ల దూరం నుంచి ఒక్క డిగ్రీ పక్కకు పోతే బంతి 52 మిల్లీమీటర్లు తప్పుతుంది. హోల్‌ మధ్య నుంచి అంచుకు దూరం 54.

ఒకవైపు గాడులు బంతిని తిప్పి మిగిల్చే సెంటీమీటరు, ఇంకోవైపు పక్కకు తగిలినందుకు పోయే అర మీటరు. పోరాటం ఎక్కడ చేయాలో తెలియడానికి ఇంతకంటే ఏం కావాలి?

గాడుల అసలు పని

మంచి తయారీదారులు పోరాడిందీ అక్కడే. పింగ్‌ కంపెనీ 2013లో తెచ్చిన ముఖాల్లో గాడుల లోతు అంతటా ఒకేలా ఉండదు. నడుమ లోతుగా, అంచులకు పోయేకొద్దీ పైపైన ఉంటాయి. లోతైన గాడి ఉన్నచోట బంతి పొర గాడి అంచుల మీద నొక్కుకుని కొంచెం వేగం కోల్పోతుంది. అంటే మధ్యలో తగిలిన దెబ్బను కావాలనే కాస్త మందగింపజేసి, అంచుల్లో తగిలిన దెబ్బకు సమానం చేస్తారు. బాగా తగిలిన దెబ్బకు శిక్ష వేసినట్టు అనిపించవచ్చు. కాదు. ఎక్కడ తగిలినా ఒకే దూరం పోతుందన్న నమ్మకం ఉంటే ఆటగాడు ఆ దూరానికి అలవాటుపడతాడు. గెరిన్‌ రైఫ్‌ 2016లో మొదలుపెట్టిన ఈవెన్‌రోల్‌ కంపెనీ ఇదే సూత్రాన్ని గాడుల మధ్య మిట్టల వెడల్పు మార్చి సాధించింది. ఒడిస్సీ సంస్థ ఇటీవలి పటర్లలో ఇన్సర్ట్‌ వెనక భాగాన్ని ఎత్తుపల్లాలుగా మలిచి అదే ఫలితం కోసం ప్రయత్నించింది. దారులు వేరు, గమ్యం ఒకటే. అదే ఈ రంగంలో నిజమైన ముందడుగు అని నేను గట్టిగా నమ్ముతాను.

దొర్లుడు పేరుతో ప్రసిద్ధికెక్కిన ముఖాలూ ఉన్నాయి. ఇంగ్లండ్‌కు చెందిన పటింగ్‌ గురువు హెరాల్డ్‌ స్వాష్‌ రూపొందించిన వంపు గాడుల ముఖం ‘సీ-గ్రూవ్‌’ ఒకటి. టేలర్‌మేడ్‌ స్పైడర్‌లో 45 డిగ్రీల వాలుగా చెక్కిన గాడుల ఇన్సర్ట్‌ ఇంకొకటి. ఒడిస్సీ 2017లో తెచ్చిన ‘మైక్రోహింజ్‌’లో సన్నటి ఉక్కు రేకులు వరసగా నిలబడి, తాకినప్పుడు వంగి లేస్తాయి. వీటి వెనకున్న శ్రమను తక్కువ చేయను. ముఖ్యంగా స్వాష్‌ను. ఆయన గాడుల కంటే గొప్పది ఆయన పాఠం. బంతి ఎలా దొర్లుతుందో ముందు కళ్లతో చూసి, ఆ తర్వాత చేతులను సరిదిద్దుకోమనే పద్ధతి అది. ఆయన శిష్యుడు ఫిల్‌ కెన్యన్‌ ఇప్పుడు ప్రపంచ నంబర్‌వన్‌ స్కాటీ షెఫ్లర్‌కు పటింగ్‌ కోచ్‌.

షెఫ్లర్‌ కథ కూడా ఆలోచింపజేస్తుంది. 2023లో బంతిని గ్రీన్‌ దాకా చేర్చడంలో అతనికి సాటి లేదు. గ్రీన్‌ ఎక్కాక తడబడేవాడు. 2024 మార్చిలో సన్నటి బ్లేడ్‌ వదిలి వెడల్పాటి స్పైడర్‌ పట్టాడు. ఆ వారమే ఆర్నాల్డ్‌ పామర్‌ టోర్నీ, తర్వాత ప్లేయర్స్‌, ఏప్రిల్‌లో మాస్టర్స్‌ గెలిచాడు. ఇన్సర్ట్‌ గాడుల మహిమ అని అమ్మకందార్లు చెప్పొచ్చు. కానీ అతనికి ఆ కొద్ది నెలల్లో మారినవి చాలా ఉన్నాయి. వెనక్కి విస్తరించిన తల మెలితిరగడం తక్కువ. గురి చూసుకునే గీత స్పష్టంగా ఉంటుంది. పక్కన కొత్త కోచ్‌ ఉన్నాడు. వీటిలో ముఖం వాటా చిన్నదేనని నా అంచనా.

దీనికి ఎదురుగా నిలబెట్టదగిన సాక్ష్యం టైగర్‌ వుడ్స్‌. 15 మేజర్లలో 14 ఒకే పటర్‌తో గెలిచాడు. స్కాటీ కామెరాన్‌ చేసిన న్యూపోర్ట్‌ 2. ఆకారం సోల్‌హైమ్‌ ‘ఆన్సర్‌’ వారసత్వం. ముఖంలో ఇన్సర్ట్‌ లేదు, లోతైన గాడులూ లేవు. ఒక్క ఉక్కు ముద్ద, దాని మీద సన్నటి చెక్కుడు. నడిమధ్యలో బంతిని తాకించే చేతులున్నప్పుడు ముఖం సరిదిద్దాల్సింది ఏమీ మిగలదు.

చెవి చెప్పే మాట

ఇన్సర్టుల విషయంలో ఇంకో సంగతి ఉంది. మెత్తటి ముఖం ‘చేతికి హాయిగా ఉంది’ అంటారు ఆటగాళ్లు. నిజానికి ఆ హాయిలో పెద్ద భాగం చెవిది. గోల్ఫ్‌ షాట్‌ అనుభూతికీ దాని చప్పుడుకూ దగ్గరి సంబంధం ఉందని బ్రిటన్‌లోని లాఫ్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించి చెప్పారు. మెత్తటి ఇన్సర్ట్‌ ‘టుక్‌’మంటే, గట్టి ఉక్కు ‘టింగ్‌’మంటుంది. టింగ్‌మంటే బంతి గట్టిగా తగిలిందనుకుని మనసు తర్వాతి పట్‌ను తగ్గిస్తుంది. టుక్‌మంటే పెంచుతుంది. దూరం మీద అంచనా ఇలా చప్పుడుతో ముడిపడుతుంది కాబట్టి ఇది తీసిపారేయాల్సిన విషయం కాదు. వాడే బంతి కూడా ఇందులో భాగమే. గట్టి బంతికి మెత్తటి ముఖం, మెత్తటి బంతికి గట్టి ముఖం నప్పుతాయని చాలామంది అనుభవం.

కొనబోయే వారికి

మన దగ్గర పేరున్న కొత్త పటర్‌ అంటే ముప్పై, నలభై వేల రూపాయల మాట. అంత పెట్టేముందు ఒక పరీక్ష అడిగి చేయించుకోండి. ముఖం మీద పాదాలకు చల్లుకునే పొడి స్ప్రేను పల్చగా కొట్టండి. ఇరవై అడుగుల పట్‌లు ఓ పది కొట్టండి. బంతి ముఖం మీద ఎక్కడ తగులుతోందో మచ్చలు చెబుతాయి. మచ్చలన్నీ మధ్యలో ఒకచోట గుమిగూడితే, గాడుల కోసం అదనంగా ఖర్చు చేయాల్సిన పనిలేదు. సంచిలోని పాత ఉక్కు పటరే చాలు. మచ్చలు చెల్లాచెదురుగా ఉంటే, తల మెలి తిరగనిదీ, ముఖమంతటా ఒకే వేగం ఇచ్చేదీ ఎంచుకోండి. కావాలని టో దగ్గర, హీల్‌ దగ్గర కొట్టి, మధ్యలో కొట్టిన బంతి పక్కనే అవీ ఆగుతున్నాయో లేదో చూడండి. ఆగితే ఆ పటర్‌ మీద పెట్టిన డబ్బుకు న్యాయం జరిగినట్టే.

ఆ తర్వాత మీరు ఆడే మైదానం గ్రీన్‌ మీదే, మీ చేతులతోనే, వాలు ఎన్ని డిగ్రీలుండాలో కొలిపించుకోండి. వాలు సరిచేయించుకోవడానికి అయ్యే ఖర్చు కొత్త పటర్‌ ధరలో చిన్న భాగమే. దుకాణంలో తివాచీ మీద కొట్టిన పది బంతులు చూసి మాత్రం ఎప్పుడూ నిర్ణయం తీసుకోకండి.